మంచు లెక్క కూడా చెప్పండి

భారత వాతావరణ విభాగం డైరెక్టర్ జనరల్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

2024 జనవరి రెండో వారంలో గుల్‌మార్గ్ నుంచి వచ్చిన ఫొటోల్లో మంచు లేదు. సముద్రమట్టానికి సుమారు 2,650 మీటర్ల ఎత్తున, అడుగు వేస్తే మోకాలి దాకా దిగబడాల్సిన మైదానమంతా ఎండుగడ్డి. చెక్క స్లెడ్జి మీద పర్యాటకుణ్ని కూర్చోబెట్టి, తాడు భుజాన వేసుకుని లాగితేనే పూట గడిచే మనుషులకు పని లేకుండా పోయింది. స్కీయింగ్ కోసం రావాల్సినవాళ్లు గదులు రద్దు చేసుకున్నారు. శీతకాలంలో గుల్‌మార్గ్ ఇంత పొడిగా ఉండటం ఎన్నడూ చూడలేదని, అప్పటికి మాజీ ముఖ్యమంత్రిగా ఉన్న ఒమర్ అబ్దుల్లా సామాజిక మాధ్యమంలో రాశారు.

అది చిల్లయ్ కలాన్ నడిమధ్య కాలం. డిసెంబరు 21న మొదలై జనవరి ఆఖరు దాకా సాగే 40 రోజుల గడ్డుచలిని కశ్మీరీలు ఆ పేరుతో పిలుస్తారు. దాని వెనక 20 రోజుల చిల్లయ్ ఖుర్ద్, ఆ వెనక 10 రోజుల చిల్లయ్ బచ్చా వస్తాయి. ఫెరన్ అనే పొడవాటి అంగీ లోపల కాంగ్డీ అనే నిప్పుల కుంపటి పెట్టుకుని, నల్లాలు గడ్డకట్టే ఆ రోజుల్ని కశ్మీరీలు కష్టంగానే గడుపుతారు. కానీ ఆ 40 రోజుల్లో పడిన మంచే గట్టిపడి కొండల మీద నిలుస్తుందనీ, జూన్, జూలై దాకా వాగుల్లో నీరై దిగుతుందనీ అక్కడి రైతుకు తెలుసు. అందుకే చలి తగ్గిన చిల్లయ్ కలాన్‌ను చూసి అక్కడ ఎవరూ సంతోషించరు.

మీ విభాగం లెక్కల ప్రకారం ఆ నెల మొత్తం మీద వాయవ్య భారతంలో కురిసింది 3.1 మిల్లీమీటర్లు. 1901 నుంచి ఉన్న రికార్డుల్లో జనవరి నెలకు ఇది రెండో అత్యల్పం. నెల మధ్యలో కొన్ని రోజులు శ్రీనగర్ పగటి ఉష్ణోగ్రత ఢిల్లీని మించిపోయింది. ఢిల్లీ పొగమంచులో వణుకుతుంటే శ్రీనగర్‌లో ఎండ కాసింది.

కశ్మీరు మంచు గురించి తెలుగు నేల నుంచి ఉత్తరం ఏమిటని మీకు అనిపించవచ్చు. ముందస్తు సూచన ఉంటే ఏమవుతుందో, లేకుంటే ఏమవుతుందో ఈ దేశంలో తెలుగువాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియకపోవచ్చు. 1977 నవంబరు 19న దివిసీమ మీద విరుచుకుపడిన ఉప్పెన వేల ప్రాణాలను తీసుకుపోయింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీదకు వచ్చేసరికి, అది ఎక్కడ తీరం దాటుతుందో మీ విభాగం రోజుల ముందే చెప్పి ఉంది. లక్షల మందిని ముందే తరలించారు. చెట్లు కూలాయి, కరెంటు స్తంభాలు వంగిపోయాయి, ఊరు ఊరంతా చీకటైంది. దివిసీమలోలా వేల ప్రాణాలు మాత్రం పోలేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడూ ఇంతే. కోస్తాలో ఈ రోజు జాలరి పడవ వెనక్కి తిప్పుతున్నాడంటే మీ బులెటిన్ మీద ఉన్న నమ్మకంతోనే. కొండల్లో ఉన్నవాళ్లకూ అలాంటి నమ్మకం అందాలన్నదే ఈ లేఖ సారాంశం.

మంచు పడకపోవడం తుపాను లాంటిది కాదు. దానికి కన్ను లేదు, తీరం దాటే గంట లేదు. నెల రోజులు ఆకాశం తేటగా ఉంటుంది, అంతే. ఆ నష్టం ఏప్రిల్‌లోనో మేలోనో పైకి తేలుతుంది, అప్పటికి వార్తలన్నీ ఎండల మీదకు మళ్లి ఉంటాయి.

ఆ జనవరిలో మంచు ఎందుకు పడలేదని ఎవరిని అడిగినా ఒకటే జవాబు వచ్చింది: ఎల్‌నినో. టీవీలు అదే చెప్పాయి, అధికారులూ అదే చెప్పారు. ఎల్‌నినో ఉన్న మాట నిజం. 2023 జూన్ నాటికి పసిఫిక్ మహాసముద్రం మధ్య, తూర్పు భాగాలు వేడెక్కి, సంవత్సరాంతానికి ఆ వేడి సగటు కంటే దాదాపు 2 డిగ్రీల పైకి చేరింది. ఆ పోటు తెలుగు రాష్ట్రాలకూ తగిలింది. 2023 ఆగస్టు దేశంలో 1901 తర్వాత అతి పొడి ఆగస్టు. ఆ ఏడు కృష్ణా బేసిన్‌లో ప్రవాహాలు రాక నాగార్జునసాగర్ ఆయకట్టు రైతు కాలువ వైపు చూస్తూ కూర్చున్నాడు. వేసవికల్లా తాగునీటికీ తడుముకోవాల్సి వచ్చింది.

వానాకాలానికి ఎల్‌నినో చేసే చెరుపు అందరికీ తెలిసిందే. శీతకాలం సంగతి వేరు. వాయవ్య భారతంలోనూ పశ్చిమ హిమాలయాల్లోనూ శీతకాలపు వానా మంచూ మీద ఇన్నేళ్లుగా జరిగిన పరిశోధనలు చాలావరకు చెప్పేది దీనికి తలకిందులు. ఎల్‌నినో ఉన్న శీతకాలాల్లో అక్కడ సగటున కొంచెం ఎక్కువే పడుతుంది, పసిఫిక్ చల్లబడే లానినా ఏళ్లలో తగ్గుతుంది. పసిఫిక్ వేడెక్కినప్పుడు ఉపోష్ణ జెట్ ప్రవాహం (చాలా ఎత్తున పడమటి నుంచి వీచే వేగమైన గాలి) బలపడటం దీనికి చెప్పే కారణాల్లో ఒకటి. 2018–19 శీతకాలంలో బలహీనంగానైనా ఎల్‌నినో ఉంది. ఆ ఏడు నవంబరు మొదట్లోనే ఆకులు రాలని ఆపిల్ చెట్ల మీద మంచు పడి కొమ్మలు విరిగిపోయాయి. ఆ తర్వాత జనవరి, ఫిబ్రవరి నెలల్లోనూ విరివిగా కురిసింది. కాబట్టి 2024 జనవరిలో మంచు పడకపోవడానికి ఎల్‌నినో ఒక్కటే కారణమని చెప్పడం, పాత లెక్కలు చెప్పేదానికి ఎదురు చెప్పడమే.

మరుసటి ఏడు ఏమైందో చూస్తే ఈ మాట ఇంకా గట్టిపడుతుంది. 2024–25 శీతకాలానికి ఎల్‌నినో వెళ్లిపోయింది. పసిఫిక్ చల్లబడి, బలహీనమైన లానినా నమోదైంది. సముద్రం ఒక చివరి నుంచి రెండో చివరికి తిరిగింది. కశ్మీరులో మాత్రం జనవరి మళ్లీ పొడిగానే పోయింది. 2025 ఫిబ్రవరి 22 నుంచి గుల్‌మార్గ్‌లో జరగాల్సిన ఖేలో ఇండియా శీతకాల క్రీడలు మంచు లేక వాయిదా పడి, చివరికి మార్చి రెండో వారంలో జరిగాయి. అదే ఫిబ్రవరిలో అనంతనాగ్ జిల్లా అచ్ఛబల్‌లో మొఘల్ తోటకు, చుట్టుపక్కల ఊళ్లకు నీళ్లిచ్చే ఊట ఎండిపోయింది. అప్పటికి ముఖ్యమంత్రి అయిన ఒమర్ అబ్దుల్లా, రాబోయేది నీటి ఎద్దడి సంవత్సరమని ప్రజలను హెచ్చరించారు. ఎల్‌నినో ఏట ఎల్‌నినో మీద, లానినా ఏట లానినా మీద నెపం వేసుకుంటూ పోతే కశ్మీరులోని షోపియాన్ ఆపిల్ తోటల రైతుకు తెలిసేది ఏమీ ఉండదు.

మీ విభాగానికి ఇది తెలియదని కాదు. 2024 జనవరి మధ్యలో మీరు విడుదల చేసిన వివరణలో మూడు కారణాలున్నాయి: చురుకైన పశ్చిమ అలజడులు రాకపోవడం, ఎల్‌నినో, ఉత్తరాది మైదానాల మీద సుమారు 12 కిలోమీటర్ల ఎత్తున గంటకు 250 నుంచి 320 కిలోమీటర్ల వేగంతో వీస్తున్న జెట్ ప్రవాహం. జనానికి చేరింది మధ్యలోని ఒక్క మాట. మిగతా రెండింటిలోనే అసలు కథ ఉంది.

పశ్చిమ అలజడులు మధ్యధరా సముద్రం ప్రాంతంలో పుట్టి, ఇరాన్, అఫ్గానిస్థాన్ మీదుగా జెట్ ప్రవాహం దారి పట్టుకుని తూర్పుకు వస్తాయి. దారి పొడవునా కాస్పియన్, పర్షియన్ గల్ఫ్, అరేబియా సముద్రాల తేమ వాటిలో కలుస్తుంది. పీర్ పంజాల్ శ్రేణిని ఎక్కేటప్పుడు ఆ తేమ చల్లబడి మంచుగా రాలుతుంది. తెలుగు నేలకు నైరుతి ఎంతో కశ్మీరుకు ఇవి అంత. డిసెంబరు, జనవరి కలిపి సాధారణంగా ఐదు నుంచి ఏడు వరకు వస్తాయని మీ వివరణే చెప్పింది. అప్పటిదాకా వచ్చిన ఒకటి రెండూ కొండలను వదిలేసి గుజరాత్, మహారాష్ట్ర, మధ్యప్రదేశ్ వైపు నాలుగు చినుకులు రాల్చి పోయాయి.

ఢిల్లీ పొగమంచూ, శ్రీనగర్ ఎండా ఒకే కారణం నుంచి వచ్చినవి. పశ్చిమ అలజడి వస్తే గాలి కదులుతుంది, మైదానాల మీద పేరుకున్న పొగమంచు చెదురుతుంది. అది రాకపోతే గంగా మైదానం మీద చల్లని తేమగాలి కదలకుండా రోజుల తరబడి ఉండిపోతుంది, సూర్యుడు కనపడడు. పైన కశ్మీరులో మబ్బు ఉండదు కాబట్టి పగలు ఎండ కాస్తుంది, మబ్బు దుప్పటి లేని రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు దిగువకు పడిపోతుంది. ఆ శీతకాలంలో పగళ్లు వెచ్చన, రాత్రులు గడ్డకట్టే చలి. దాన్ని వెచ్చని శీతకాలం అనే ముందు ఈ తేడా చెప్పాలి. ఎందుకంటే ఎండకూ మంచు లేకపోవడానికీ సంబంధం రెండు వైపులా ఉంటుంది. మంచు పరుచుకుని ఉంటే సూర్యరశ్మిలో ఎక్కువ భాగాన్ని వెనక్కి తిప్పికొడుతుంది. నేల బయటపడితే ఆ వేడిని తాగేస్తుంది. పడని మంచు వల్ల వేడి పెరుగుతుంది, పెరిగిన వేడి కొద్దిగా పడిన మంచును కూడా నిలవనివ్వదు.

వీటన్నింటి కిందా సగటు ఉష్ణోగ్రతే పైకి లేస్తోంది. భూగోళం సగటు ఉష్ణోగ్రత పారిశ్రామిక యుగానికి ముందున్న దానికంటే 2024లో దాదాపు 1.55 డిగ్రీలు ఎక్కువని ప్రపంచ వాతావరణ సంస్థ చెప్పింది. భారత్‌కు కూడా 1901 తర్వాత అదే అత్యంత వేడి సంవత్సరమని మీ విభాగమే ప్రకటించింది. 1,585 మీటర్ల ఎత్తున ఉన్న శ్రీనగర్‌లో పడేది మంచా వానా అన్నది సున్నాకు ఒకటి రెండు డిగ్రీల అటూ ఇటూలో తేలిపోతుంది. అలాంటి చోట ఒక డిగ్రీ చిన్న విషయం కాదు. పశ్చిమ అలజడులు మే, జూన్, జూలై దాకా కొనసాగడం ఈ మధ్య దశాబ్దాల్లో పెరిగిందని 2024లో వెలువడిన పరిశోధన తేల్చింది. జెట్ ప్రవాహం ఉత్తరానికి తరలిపోవడంలో ఆలస్యం అవుతోందట. అంటే అదే తేమ, మంచుగా నిలవాల్సిన నెలలో కాకుండా వరదై దిగే నెలలో వచ్చి పడే ప్రమాదం ఉంది.

2024లో జరిగింది కొంత ఇలాంటిదే. జనవరి ఆఖరి రోజుల్లో మొదలై ఫిబ్రవరిలో గుల్‌మార్గ్‌కు మంచు దండిగా వచ్చింది. పర్యాటకులు తిరిగొచ్చారు, క్రీడలు జరిగాయి, పత్రికలు ఊపిరి పీల్చుకున్నాయి. అయితే ఆలస్యపు మంచు తడిగా, బరువుగా ఉంటుంది. గట్టిపడేంత చలి అప్పటికి మిగలదు. మార్చి ఎండకు గబగబా కరిగి, నారుమళ్లు సిద్ధం కాకముందే ఝీలం గుండా కిందికి వెళ్లిపోతుంది. పంట కోతకొచ్చాక కురిసిన వాన లాంటిది అది. లెక్కలో నీళ్లు కనిపిస్తాయి, చేనుకు అందవు. సీజన్ మొత్తం లోటు ఎంత అని శాతంలో చెబితే ఈ తేడా బయటపడదు.

అదే 2023–24 శీతకాలంలో భూమికి అటువైపున ఏం జరిగిందో కూడా చూడాలి. అమెరికాలో రికార్డులు మొదలైనప్పటి నుంచి అతి వెచ్చని శీతకాలం అదే. మిన్నెసోటా, విస్కాన్సిన్, మిచిగన్, న్యూయార్క్ సహా ఎనిమిది రాష్ట్రాలు రికార్డు బద్దలుకొట్టాయి. 2024 ఫిబ్రవరి 11న గ్రేట్ లేక్స్‌లో మంచుగడ్డ పరిచిన భాగం 2.7 శాతం మాత్రమే. విస్కాన్సిన్‌లో ఏటా వేలమంది స్కీలపై పరుగుతీసే బర్కబైనర్ పోటీని, యంత్రాలతో తయారుచేసిన మంచు పరిచి 10 కిలోమీటర్ల చుట్టులో నడిపించారు. డులూత్ దగ్గర కుక్కలు లాగే స్లెడ్జిల పందెం రద్దయింది. మినియాపొలిస్‌లో, డెట్రాయిట్‌లో ఉన్న తెలుగు కుటుంబాలు ఆ ఏడు పార తీసి మంచు ఎత్తిపోసిన రోజులు తక్కువ. అక్కడ మాత్రం ఎల్‌నినో చెయ్యి స్పష్టంగా కనిపిస్తుంది. పసిఫిక్ జెట్ ప్రవాహం తన దారి మార్చి, ఆర్కిటిక్ గాలి బదులు సముద్రపు వెచ్చని గాలి ఉత్తర రాష్ట్రాల మీదకు పారుతుంది. అమెరికా వాతావరణ నిపుణులు శరదృతువులోనే ఆ వైపు మొగ్గు ఉందని చెప్పారు. ఒకే ఎల్‌నినో ఒక ఖండంలో పుస్తకంలో రాసినట్టు నడిచింది, ఇంకో ఖండంలో నడవలేదు. పుస్తకం ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ చెయ్యదో జనానికి విడమరచి చెప్పగలిగేది మీరే.

మీరే అనడానికి కారణం ఉంది.

1875లో మీ విభాగం పుట్టినప్పుడు దానికి తొలి అధిపతి హెన్రీ బ్లాన్‌ఫోర్డ్. హిమాలయాల్లో శీతకాలపు మంచు ఎక్కువగా పడితే ఆ వెనక వచ్చే వానాకాలం మందగిస్తుందని ఆయన గమనించి 1884లో పత్రం ప్రచురించారు. 1886లో ఈ దేశంలో వెలువడిన తొలి దీర్ఘకాల సూచనకు ఆధారం ఆ మంచే. శాటిలైట్లు లేవు, కంప్యూటర్లు లేవు. కొండల నుంచి వచ్చే కబుర్లు పోగుచేసి, రాబోయే వానలకు లెక్క కట్టారు. ఆ మంచుకూ రుతుపవనాలకూ బంధం ఆయన అనుకున్నంత సూటిగా లేదని తర్వాత తేలినా, హిమాలయ మంచును దేశం మొత్తానికి సంబంధించిన విషయంగా చూసిన మొదటి ప్రభుత్వ కార్యాలయం మీది.

ఆ తర్వాత గిల్బర్ట్ వాకర్. 1899–1900 కరువు దేశాన్ని పీల్చి పిప్పి చేశాక, రుతుపవనాలు ఎందుకు మొహం చాటేస్తాయో కనిపెట్టాలన్న పట్టుదలతో 1904లో ఈ కేంబ్రిడ్జి గణిత పండితుణ్ని తెచ్చి విభాగం అప్పజెప్పారు. రెండు దశాబ్దాల పాటు ఆయన, ఆయన దగ్గర లెక్కలు కట్టిన భారతీయ గుమాస్తాలు ప్రపంచం నలుమూలల పీడనం, ఉష్ణోగ్రత, వర్షపాతం అంకెలను ఒకదానితో ఒకటి సరిచూశారు. ఆ గుమాస్తాల్లో చాలామంది పేర్లు మనకు మిగల్లేదు, కానీ చేత్తో వేసిన ఆ కూడికల్లోంచే పసిఫిక్‌కూ హిందూ మహాసముద్రానికీ మధ్య పీడనం తూగుటుయ్యాలలా ఊగుతుందని బయటపడింది. దానికి దక్షిణ డోలనం అని వాకర్ పేరు పెట్టారు. 1960ల్లో జాకబ్ బ్యెర్క్‌నెస్ దాన్ని ఎల్‌నినోతో ముడిపెట్టారు. అదే వాకర్ ఇంకో డోలనానికీ పేరు పెట్టారు: ఉత్తర అట్లాంటిక్ డోలనం. ఐస్‌లాండ్ దగ్గరి అల్పపీడనానికీ అజోర్స్ దీవుల దగ్గరి అధిక పీడనానికీ మధ్య తేడా పెరగడం, తగ్గడం అది. ఆ తేడా పెరిగిన దశలో పశ్చిమ అలజడులు సగటున బలంగా వస్తాయని, కశ్మీరులో మంచు ఎక్కువ పడుతుందని ఇటీవలి పరిశోధనలు చూపిస్తున్నాయి.

ఈ రోజు కశ్మీరు మంచును శాసించే రెండు పెద్ద వాతావరణ డోలనాలనూ లెక్కకట్టి పేరు పెట్టినవాడు మీ కుర్చీలో కూర్చున్న మనిషి. అలాంటి సంస్థ నుంచి కొండల జనం ఒక్క మాట సంజాయిషీ కంటే ఎక్కువ ఆశించడంలో తప్పు లేదు.

ఇప్పుడు వాళ్లకు అందుతున్నది ఏమిటి? జనవరి నుంచి మార్చి దాకా ఉత్తర భారతంలో వర్షపాతం ఎలా ఉంటుందో మీరు ఏటా సూచన ఇస్తున్నారు. తూర్పు, పశ్చిమ ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్, హరియాణా–ఢిల్లీ, పంజాబ్, హిమాచల్, జమ్మూకశ్మీర్–లద్దాఖ్, ఈ ఏడు ఉపవిభాగాలకు కలిపి ఒకే అంకె. దీర్ఘకాల సగటు 184.3 మిల్లీమీటర్లు. గోరఖ్‌పూర్‌లో గోధుమ పండించేవాడికీ, షోపియాన్‌లో ఆపిల్ పెంచేవాడికీ కలిపి ఒక్కటే జవాబు. అదీ మిల్లీమీటర్ల వానలో. మంచు ఎంత, ఏ ఎత్తు దాకా, ముందు సగంలోనా వెనక సగంలోనా అన్న ప్రశ్నలకు అందులో చోటే లేదు.

ఆ ప్రశ్నల మీద బతుకులు ఆధారపడి ఉన్నాయి. ఆపిల్ చెట్టు వసంతంలో సరిగ్గా పూయాలంటే శీతకాలంలో సుమారు వెయ్యి గంటలకు తగ్గకుండా 7 డిగ్రీల లోపు చలి తగలాలి, రకాన్ని బట్టి కొంచెం ఎక్కువ తక్కువ. అది తగ్గితే మొగ్గ అదును తప్పుతుంది. ముందే విచ్చుకున్న పూత మీద ఏప్రిల్ మంచుబిందువులు గడ్డకడితే కాయ నిలవదు. దేశంలో పండే ఆపిల్‌లో నాలుగింట మూడు వంతులు కశ్మీరువే, హైదరాబాద్ శివార్లలో బాటసింగారం మార్కెట్‌లో దిగే పెట్టెల్లోనూ చాలా భాగం ఇవే. 2018లో అలాంటి పొడి శీతకాలం తర్వాత, ఏప్రిల్‌లో ఉత్తర కశ్మీరు రైతులకు నీటిపారుదల శాఖ ఈ ఏడు వరి నాటొద్దని చెప్పాల్సి వచ్చింది. ఆ మాట నవంబరులోనే కనీసం సూచనగానైనా తెలిసి ఉంటే రైతు వేరే విత్తనం చూసుకునేవాడు. ఏప్రిల్‌లో విన్నవాడికి మిగిలింది బీడే.

కాలిఫోర్నియాలో మంచును ఎలా కొలుస్తారో చెప్పడం ఇక్కడ అవసరం. సియెరా నెవాడా కొండల్లో ఫిలిప్స్ అనే చోట శీతకాలంలో నెలకోసారి సర్వేయర్లు ఒక బోలు గొట్టంతో వస్తారు. దాని అంచుకు రంపపు పళ్లుంటాయి. మంచులోకి నిలువుగా దించి, తిప్పుతూ నేల తగిలేదాకా నొక్కుతారు. పైకి లాగి, అడుగున మట్టి అంటిందో లేదో చూస్తారు, అంటితేనే కింద దాకా వెళ్లినట్టు. తర్వాత ఆ గొట్టాన్ని మంచుతో సహా త్రాసుకు తగిలిస్తారు. ఖాళీ గొట్టం బరువు తీసేస్తే, ఆ మంచు కరిగితే ఎన్ని అంగుళాల నీళ్లవుతాయో తెలిసిపోతుంది. లోతు మాత్రమే కొలిస్తే మోసపోతాం. పొడి మంచు రెండడుగుల్లో ఉండే నీళ్లు తడి మంచు ఒక్క అడుగులోనే ఉండొచ్చు. 2015 ఏప్రిల్ 1న గవర్నర్ జెర్రీ బ్రౌన్ అదే ఫిలిప్స్‌లో గడ్డి మీద నిలబడ్డారు, గొట్టం దించడానికి మంచే లేదు. రాష్ట్రమంతటా మంచులో ఉన్న నీరు ఆ తేదీకి ఉండాల్సిన దానిలో 5 శాతం. పట్టణాల్లో నీటి వాడకం 25 శాతం తగ్గించి తీరాలని ఆయన అక్కడే ఆదేశించారు. జనం ఒప్పుకున్నారు, ఎందుకంటే ఆ అంకె డిసెంబరు నుంచి నెలనెలా వాళ్ల కళ్ల ముందే ఉంది.

ఈ దేశంలో ఆ సామర్థ్యం లేక కాదు. చండీగఢ్‌లోని రక్షణ పరిశోధన కేంద్రం హిమపాతాల ప్రమాదాన్ని అంచనా వేయడానికి కొండల్లో మంచును కొలుస్తోంది. మంచు జాడే ఎరగని హైదరాబాద్‌లో, బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్‌ఆర్‌ఎస్‌సీ) ఉపగ్రహ చిత్రాల నుంచి హిమాలయాల మంచు పరుపును పటాలుగా గీస్తోంది. అదే నగరం ప్రగతినగర్‌లో మీ మంత్రిత్వ శాఖకే చెందిన ఇన్‌కాయిస్ హిందూ మహాసముద్రాన్ని రాత్రింబవళ్లు గమనిస్తోంది. మీకు శ్రీనగర్‌లో కేంద్రం ఉంది, మిషన్ మౌసమ్ కింద 2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం 2,000 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ముక్కలన్నీ ఉన్నాయి, ఒకచోట చేర్చి సామాన్యుడికి చూపేవాళ్లే లేరు. హిందూకుష్–హిమాలయ ప్రాంతంలో 2025లో నేల మీద మంచు నిలిచిన కాలం మామూలు కంటే 23.6 శాతం తగ్గి, 23 ఏళ్లలో అట్టడుగుకు చేరిందన్న వార్త కఠ్మాండూలోని ఇసిమోడ్ అనే పర్వత పరిశోధన సంస్థ నివేదిక నుంచి భారత పత్రికలకు వచ్చింది. ఆ సంస్థకు ధన్యవాదాలు చెప్పాల్సిందే. కానీ సొంత కొండల సంగతి సొంత వాతావరణ విభాగం ముందు చెప్పాలి.

కాబట్టి విన్నపం ఇది. ప్రతి నవంబరు మొదటి వారంలో కశ్మీరు, జమ్మూ, లద్దాఖ్, హిమాచల్, ఉత్తరాఖండ్‌లకు విడివిడిగా శీతకాలపు మంచు సూచన ఇవ్వండి. పసిఫిక్ ఎటు మొగ్గుతోంది, అట్లాంటిక్ ఎటు, జెట్ ప్రవాహం ఎక్కడ ఉండవచ్చు, ఈ మూడూ ఒకదానితో ఒకటి కలుస్తున్నాయా పోట్లాడుతున్నాయా అన్నది ఉర్దూ, కశ్మీరీ, డోగ్రీ, హిందీల్లో రాయండి. ఖచ్చితంగా చెప్పలేని చోట పదికి ఎన్నిపాళ్లో చెప్పండి. ఆకాశాన్ని రోజూ చూసుకుని బతికే రైతుకు పాళ్లు అర్థమవుతాయి. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా వారానికోసారి, ఏ లోయలో మంచు ఎంత, అది ఎంత నీరు అన్నది మీ వర్షపాత పట్టికల పక్కనే పెట్టండి. లోటు శాతం ఒక్కటే కాకుండా, చిల్లయ్ కలాన్‌లో పడిందెంత, ఆ తర్వాత పడిందెంత అన్నది వేరుగా చూపండి. ఏప్రిల్‌లో మీ సూచనకూ జరిగినదానికీ మధ్య తేడాను మీరే బయటపెట్టి, ఎందుకు తప్పిందో విప్పి చెప్పండి. 2023–24 మీద అలాంటి సమగ్ర నివేదిక సామాన్యుడికి అర్థమయ్యే భాషలో వస్తే, ఎల్‌నినో అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోవాల్సిన అవసరం అధికారులకైనా, విలేకరులకైనా తప్పుతుంది.

మొదలు పెట్టడానికి పెద్ద వ్యవస్థ అక్కర్లేదు. గ్రామీణ కృషి మౌసమ్ సేవ కింద రైతుల ఫోన్లకు సలహాలు ఇప్పటికే వెళ్తున్నాయి. వచ్చే శీతకాలానికి కశ్మీరు లోయ ఒక్కదానికే, పైన ఐదారు చోట్ల గొట్టం దించి తూచిన అంకెలతో ఆ సలహాలో రెండు వాక్యాలు చేర్చండి: ఈ వారం కొండ మీద ఎంత నీరు ఉంది, ఇదే తేదీకి గడిచిన పదేళ్లలో సగటున ఎంత ఉండేది. మిగతా లోయలకు తర్వాత విస్తరించవచ్చు.

నమస్కారాలతో,
హైదరాబాద్ నుంచి ఒక పౌరుడు